బాపుది కాని చేను

పొద్దున ఆరు కాకముందే బాపు చెప్పులేసుకుంటాడు. జైనూర్‌లో నవంబర్ చలి సంగతి తెలిసిందే కదా. పక్క మండలం సిర్పూర్ (యు) పేరు చలికాలం వచ్చిందంటే పేపర్లో తప్పకుండా కనిపిస్తుంది. నేను రెండు దుప్పట్లలో ముడుచుకుని ఉంటే, ఆయన మంకీ క్యాప్ పెట్టుకుని "చేన్లకు వస్తవారా?" అని అడిగాడు. రిటైరై ఏడాది దాటింది. బడి లేదు, బెల్లు లేదు. అయినా ఆయనకు ఆలస్యమైపోతోంది.

ఆ చేను మాది కాదు. బాపు దగ్గర ఆశ్రమ పాఠశాలలో చదువుకున్న ఒక గోండు రైతుది.

మా ఊరు వేములవాడ దగ్గర ఉండేది. ఇప్పుడు మిడ్ మానేరు నీళ్ల కింద ఉంది. ఒక ఎండాకాలం నీళ్లు తగ్గాయంటే బాపు, నేను వెళ్లి చూశాం. బురద, మొండి గోడలు. మా బావి ఎక్కడుండేదో ఆయనే గుర్తుపట్టలేకపోయాడు. దారంతా మాట్లాడలేదు. అప్పటినుంచి నాకొక ఆలోచన. పరిహారం డబ్బుల్లో కొంత మిగిలింది, నా జీతం ఉంది. ఎక్కడైనా రెండెకరాలు కొనిస్తే ఆయన పోగొట్టుకున్నది తిరిగొస్తుంది కదా అని. పోయిన ఫైల్‌ను బ్యాకప్ నుంచి తెచ్చుకున్నట్టు. సాఫ్ట్‌వేర్ బుర్ర ఇంతకంటే ఎక్కువ ఆలోచించదు.

అందుకే ఈసారి హైదరాబాద్ నుంచి నిర్మల్, గుడిహత్నూర్ మీదుగా వస్తూ దారి పొడవునా లెక్కలేసుకున్నాను. ఇంద్రవెల్లిలో స్తూపం దగ్గర టీ కోసం ఆగాను. 1981 ఏప్రిల్ 20న సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపింది అక్కడే. అది భూమి కోసం జరిగిన సభ. టీ తాగాను, ఫొటో తీసుకున్నాను, కారెక్కాను. నా లెక్కకూ ఆ స్తూపానికీ సంబంధం ఉందని అప్పటికి తోచలేదు.

చేను చేరేసరికి మంచు ఇంకా విడవలేదు. నల్లరేగడి నేల, పగిలిన పత్తికాయలు, మధ్య మధ్య కంది సాళ్లు. "రామ్ రామ్ సార్" అని రైతు ఎదురొచ్చాడు. బాపు నడుముకు సంచి కట్టుకుని పత్తి సాల్లో దిగాడు. నోరు కూడా అప్పుడే విప్పాడు. ఇంట్లో పది మాటలకు ఒక మాట చెప్పే మనిషి, చేన్లో ఆపితే ఒట్టు.

చిన్నప్పటి మోట బావి గురించి చెప్పాడు. తోలుబొక్కెన నిండగానే ఎడ్లు పల్లానికి దిగాలి. అప్పుడు తాత మోకు మీద కూర్చునేవాడట, ఆయన బరువు ఎడ్లకు సాయం. "నన్ను గూడ ముంగట కూసోబెట్టుకునేటోడు. బొక్కెన బోర్లిచ్చినప్పుడు నీళ్ల సప్పుడు ఇంటుంటే కడుపు నిండినట్టుండేది." జొన్న కంకి పట్టాక మంచె మీద కాపలా, ఒడిసెలతో పిట్టలను కొట్టడం, పాలకంకులు కాల్చి నలుపుకుని తినడం. "ఓసారి ఒడిసెల రాయి పోయి మా పెదబాపు నెత్తికి తగిలింది. మూడు రోజులు ఇంటికి పోలే." ఇవన్నీ నాకు ఇరవై ఎనిమిదేళ్లకు తెలిశాయి.

మధ్యాహ్నం చెట్టు కింద జొన్నరొట్టె తింటూ నా సంగతి బయటపెట్టాను. బాపు నవ్వాడు. ఇది ఏజెన్సీ. 1/70 ఉంది కదా, 1959 నాటి భూబదలాయింపు చట్టానికి 1970లో తెచ్చిన సవరణ. ఇక్కడి భూమి గిరిజనేతరులు కొంటే చెల్లదు. అమ్మేవాడు కూడా గిరిజనేతరుడే అయినా చెల్లదు. ఆ మాత్రం నాకూ తెలుసు. నాకు తెలిసిన ఒకాయన చెప్పిన ఉపాయం కూడా ఉంది. నమ్మకమున్న గిరిజనుడి పేరు మీద కాగితం పెట్టుకోవచ్చని. రైతు నీళ్లకు వెళ్లినప్పుడు అది కూడా అనేశాను.

బాపు రొట్టె పక్కన పెట్టాడు. "వాని పేరు వెట్టి నేను దున్నుడేందిరా? వానికి సంతకం నేర్పింది అందుకేనా?"

సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

మర్నాడు స్కూటీ మీద మార్లవాయికి తీసుకెళ్లాడు, అదీ జైనూర్ మండలమే. అక్కడ హైమండార్ఫ్, ఆయన భార్య బెట్టీ సమాధులున్నాయి. వియన్నాలో పుట్టిన ఆ మానవశాస్త్రవేత్త కుమ్రం భీం చనిపోయాక, 1940లలో నిజాం ప్రభుత్వం తరఫున ఇక్కడికొచ్చి గోండుల మధ్య ఉన్నాడు. వాళ్లకు పట్టాలిప్పించడానికి పనిచేశాడు. 1943లో ఇదే ఊళ్లో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. లండన్‌లో ప్రొఫెసర్‌గా 1976లో రిటైరయ్యాడు. తర్వాత మళ్లీ వచ్చి చూస్తే, పట్టాలైన భూములు చాలా వరకు బయటివాళ్ల చేతుల్లోకి పోయి ఉన్నాయి. అది ఆయన పుస్తకంలో రాశాడు. బెట్టీ 1987లో, ఆయన 1995లో పోయారు. 2012లో ఆయన అస్థికలను తెచ్చి ఆమె పక్కనే పెట్టారు.

"ఆయనకిక్కడ గుంట భూమి లేదు" అన్నాడు బాపు, సమాధి మీది ఆకులు ఏరేస్తూ. నేను ఏమీ అనలేదు.

అమ్మది మాత్రం వేరే గోడు. "ఆయనకు చేను దొరికింది, ముచ్చట వెట్టెటోళ్లు దొరికిండ్రు. నా మోకాళ్లకు డాక్టరేడున్నడు? ఉట్నూర్ పోవాలె, లేకుంటే ఆదిలాబాద్ పోవాలె." అందులో అబద్ధమేం లేదు. బాపు దగ్గర దానికి జవాబు లేదు. నా దగ్గరున్న జవాబు హైదరాబాద్‌లో నాలుగో అంతస్తులో ఉంది.

బయల్దేరే ముందు మళ్లీ చేనుకు వెళ్లాం. ఆ పూట ఏరిన పత్తి తూకం వేస్తున్నారు. రైతు భార్య సంచి ఇరవై రెండు కిలోలు తూగింది. బాపుది తొమ్మిది.

"నిన్న ఎనిమిదే" అన్నాడు నావైపు చూసి.

రైతు నవ్వుకుంటూ నోట్‌బుక్కులో సార్ పేరు కింద 9 అని రాశాడు. అక్షరాలు గుండ్రంగా, అచ్చం బాపు చేతిరాతలా ఉన్నాయి.

కార్లో సీటు మీద ఎవరో పచ్చి కందికాయల సంచి పెట్టారు. అమ్మ అద్దం దగ్గరికొచ్చి, బాపుకు వినబడకుండా అడిగింది: "మీ బిల్డింగుల లిఫ్టు మంచిగ నడుస్తదా?"