బస్సుకు విడిచిన బాట

మా సత్తుపల్లి నుండి అశ్వారావుపేట, రాజమహేంద్రవరముల మీదుగా విశాఖపట్టణము పోవువారు కొందరు గలరు, వారిలో నేనొకడను. సింహాచలపు కొండలకును సముద్రమునకును నడుమ పెరుగుచున్న ఆ నగరమునకు రోడ్లను వెడల్పు చేసికొన చోటు స్వల్పము. 2005లో వెలువడిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకము క్రింద, పెందుర్తి వైపు ఒకటి, సింహాచలము వైపు ఒకటి, బస్సులకై మధ్యవరుసలు గల మార్గములు అచ్చట ఏర్పడినవి. అయినను, అంచున నిలిపిన కారును తప్పించుటకై బస్సు ప్రక్కకు ఒరిగి ఆగగా, చేతిసంచితో నొక వృద్ధురాలు వాహనముల నడుమ నడివీథిలో దిగుట చూచి నా మనస్సు కలతపడినది.

కారు కొనుట తప్పు గాదు; దానిని నిలుపు చోటు కొన్నవాడే చూచుకొనవలెను గాని, నిండుబస్సు పోవు దారిని ఆక్రమింపరాదు. 2000లో బస్సువరుసలు ప్రారంభించిన బొగోటా నగరము, ఆ కాలముననే కాలిబాటలపై నుండి కార్లను కూడ తొలగించినది. ఈ రెండును జంటగా సాగినగాని ఫలము దక్కదని నా దృఢవిశ్వాసము.

విశాఖలోని మిత్రులారా, మీ వార్డు కార్పొరేటరును కలిసినపుడు బస్సు పోవు దారిలో కార్లు నిలుపకుండ చూడవలెనని దయచేసి అడుగుడు.