పెద్దల ముంగిలి

వినోదము బలవంతము మీద కలిగేది కాదు. ఆకలి లేనివానికి విందు వడ్డించుట యెట్టిదో, మనసు లేనివానికి వేడుక చూపుట అట్టిది. ఇంత చిన్న సంగతి నాకు యాభయి ఏండ్లు దాటిన తరువాత గాని బోధపడలేదు. దానిని నేర్పినవారు మా అక్కయ్య, బావగారు.

2023 డిసెంబరులో వారిరువురు విజయనగరం నుండి రాయపూరుకు వచ్చి మా యింట పది దినములున్నారు. పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా ఈ రెండు ఊళ్ళను కలిపే రైలుమార్గము 1931లో పూర్తి అయినది. బ్రతుకుతెరువు కొరకు ఆ దారిని వచ్చి ఇక్కడ నిలిచిపోయిన తెలుగువారిలో నేనొకడను. హిందీ నుండి తెలుగులోనికి, తెలుగు నుండి హిందీలోనికి పుస్తకములను మార్చుట నా వృత్తి.

బావగారు ముప్పదియైదు సంవత్సరములు ఉన్నత పాఠశాలలో చరిత్ర చెప్పినవారు. శాసనము లేని రాతిని ఆయన రాయిగా కూడ అంగీకరించరు. నా వృత్తిని గురించి ఆయన అభిప్రాయము బంధువులందరికిని తెలిసినదే. "అనువాదమంటే సున్నము కొట్టిన శాసనమోయ్. అక్షరములున్నట్లే ఉంటవి, తడిమి చూస్తే చేతికి సున్నము అంటుతుంది" అనేవారు. నేను పంపిన పుస్తకములు వారి బీరువాలో భద్రముగా ఉన్నవి. అంత భద్రముగా ఉన్నవంటేనే తెలియుట లేదా, వాటిని ఎవరును తెరువలేదని!

వస్తూనే ఆయన చూడవలసిన స్థలముల పట్టిక నా చేతికిచ్చినారు. 1479లో తెలుగు దంపతులకు వల్లభాచార్యులు జన్మించిన చంపారణ్యము, రాజిమ్ క్షేత్రము, ఏడవ శతాబ్దమున ఇటుకలతో కట్టిన సిర్పూరు లక్ష్మణాలయము. అన్నియు చూచినాము. బావగారు తృప్తి పొందినారు. కాని సిర్పూరులో అక్కయ్య గుడి మెట్ల క్రిందనే కూర్చుండిపోయినది. మోకాళ్ళు ఆమెను ఎక్కనీయలేదు. "మీరు చూచి రండి, నాకు చెబుదురు గాని" అన్నది.

ఆమె పట్టికలో ఉన్నది ఒక్కటే: చిత్రకోట జలపాతము. ఎన్నడో ఒక క్యాలెండరు మీద చూచినదట. జగదల్పూరు ఇక్కడికి ఇంచుమించు మూడువందల కిలోమీటర్లు. జలపాతము ఆ పైన. అంతదూరపు కారు ప్రయాణము వలదని వైద్యుడు ముందే చెప్పియున్నాడు. అప్పుడు నాకు నవ రాయపూరులోని పుర్ఖౌతీ ముక్తాంగణము తలపునకు వచ్చినది.

పుర్ఖా అనగా పూర్వుడు. పుర్ఖౌతీ ముక్తాంగణమును మన మాటలో పెద్దల ముంగిలి అనవచ్చును. ఇది సుమారు రెండువందల ఎకరముల ఉద్యానము. 2006 నవంబరులో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారు దీనిని ప్రారంభించినారు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని గుళ్ళు, గూడెములు, నాట్యములు, జలపాతములు ఇక్కడ నమూనాలుగా, బొమ్మలుగా కొలువుతీరి ఉన్నవి. బస్తరు భాగమునకు 'ఆమ్‌చో బస్తర్' అని పేరు. హల్బీ భాషలో 'మన బస్తరు' అని అర్థము.

"సిమెంటు జలపాతము చూచుటకా ఇంత దూరము వచ్చినది?" అన్నారు బావగారు.

"పోయి చూతమండీ, పోయేదేమున్నది?" అన్నది అక్కయ్య.

మొదటి దినమున నేను చేసిన తప్పులన్నియు ఇక్కడ ఒప్పుకొనుచున్నాను. ఉదయము పదకొండు గంటలకు, ఎండ నడినెత్తికి వచ్చే వేళకు తీసికొనిపోయినాను. అంతయు ఒక్కపూటలో చూపవలెనని తొందరపెట్టినాను. ప్రతి బొమ్మ వద్దను నిలబెట్టి ఉపన్యసించినాను. అన్నిటికంటె పెద్ద తప్పు, "ఎంత బాగున్నదో చూడండి" అని మాటిమాటికి అనుట. అట్లు అన్నకొలది బావగారికి లోపములే కనిపించినవి. భోరమ్‌దేవ్ ఆలయపు నమూనా ముందు నిలిచి, "మూలము పదకొండవ శతాబ్దము నాటిది. ఇది నిన్నటిది" అన్నారు.

నాకు పౌరుషము వచ్చినది. 1955లో అమెరికాలో డిస్నీలాండ్ తెరచినప్పుడు, అక్కడి కోటకు బవేరియాలోని నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటను ఒరవడిగా తీసికొన్నారని, ఆ బవేరియా కోట కూడ 1869లో మొదలుపెట్టినదేనని, మధ్యయుగపు కోటలకు అదియు అనుకరణమేనని, అయినను లోకమంతయు రెండింటిని చూచి ఆనందించుచున్నదని వాదించినాను.

బావగారు శాంతముగా విన్నారు. "దొంగసొత్తు కొన్నవానిని విడిపించుటకు, అమ్మినవాడును దొంగయే అని వాదించినట్లున్నదోయ్" అన్నారు.

మా యిద్దరి నడుమ అక్కయ్య అలసిపోయినది. చిత్రకోటను చేరకముందే ఇంటికి తిరిగి వచ్చినాము.

ఆ రాత్రి ఆమె మోకాళ్ళకు కాపడము పెట్టుకొనుచు నాతో అన్నది: "తమ్ముడూ, సంక్రాంతికి మనయింట బొమ్మల కొలువు పెట్టేవారము, జ్ఞాపకమున్నదా? మట్టితో తిరుపతి కొండ, అద్దపు ముక్కతో చెరువు, మొలకెత్తిన ఆవాలతో పొలము. పేరంటానికి వచ్చినవారిని చూడండి, చూడండి అని అమ్మ ఎన్నడైనా అన్నదా? కూర్చోబెట్టి, పసుపు కుంకుమ ఇచ్చి, శనగలు పెట్టేది. చూచేవారు వారే చూచేవారు. నీవు శనగలు పెట్టకుండనే కొలువు చూపినావు."

నేను సిగ్గుపడినాను. మర్నాడు అంతయు మార్చినాను. ముందు ఊరిలో ఇక్కడి వంటకములు దొరికేచోట ఫరా, చీలా తినిపించినాను. ఫరా బియ్యపుపిండి కుడుము. చీలా బియ్యపుపిండి అట్టు. "ఇది మన అట్టేనే!" అని బావగారు రెండవది అడిగినారు. మూడున్నరకు, ఎండ వాలుచుండగా బయలుదేరినాము. మడత పీట ఒకటి వెంట తీసికొన్నాను. బస్తరు భాగము తప్ప మరేదియు చూడరాదని, అడిగినదానికి తప్ప పెదవి కదపరాదని నాలో నేను నియమము పెట్టుకొన్నాను.

అక్కయ్య జలపాతపు నమూనా ఎదుట పీట వేసుకొని కూర్చున్నది. పది నిమిషములు గడచినవి, ఇరువది గడచినవి. ఆమె లేవలేదు. చివరకు, "అసలుది ఎంత ఎత్తు?" అని అడిగినది. తొంబది అడుగులకు అటునిటుగా ఉంటుందని, ఇంద్రావతి నది గుఱ్ఱపు లాడము ఆకారములో అక్కడ దూకుతుందని, ఆ నీరు పోయి గోదావరిలో కలుస్తుందని చెప్పినాను.

"అయితే 2015 పుష్కరాలకు రాజమహేంద్రవరములో నేను మునిగిన నీటిలో అదియు ఉన్నదన్నమాట."

"ఉన్నది. కాని ఈ నీరు కాదు అక్కయ్యా, ఇది..."

"ఇది కాదని నాకు తెలియదా? అది ఇట్లుంటుందని తెలిసినది. నా మోకాళ్ళకు ఇంతకంటె దగ్గర లేదు" అన్నది.

నేను మాటాడలేకపోయినాను. మూలము వద్దకు నడిచి పోగలవారు పోవలసినదే. పోలేనివారి మాట ఏమి? నేను ముప్పది ఏండ్లుగా ఎవరి కొరకు పని చేయుచున్నానో ఆనాడు ఆమె ముఖములో చూచినాను.

ఇంతలో బావగారు కనబడలేదు. వెదకగా, నాలుగు చక్రముల రథము ఒకదాని వద్ద నిలిచియున్నారు. "ఇదేమి రథమోయ్?" అన్నారు.

"బస్తరు దసరాకు లాగే పూలరథము. నమూనా" అన్నాను. అంతకుమించి చెప్పలేదు, నాలుక కరచుకొని ఊరకున్నాను.

"బస్తరా!" అని ఆయన రథము చుట్టును తిరిగినారు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు బస్తరు చేరి రాజ్యము స్థాపించెనని, దంతేశ్వరీదేవి ఆ వంశమునకు కులదైవమని సంప్రదాయము. ముప్పదియైదు ఏండ్లు పిల్లలకు చెప్పిన కథ! ఆయన ఆనాడు మొదటిసారి దాని చక్రమును తాకినారు. తనలో తాను చెప్పుకొనుట మొదలుపెట్టి, క్రమముగా తరగతిలో వలె గొంతు పెంచినారు. విహారమునకు వచ్చిన బడిపిల్లలు పదిమంది ఆగి చుట్టును మూగినారు. వారికి తెలుగు రాదు. ఆయనకు హిందీ రాదు. బావగారు ఒక వాక్యము చెప్పి నా వంక చూచినారు. నేను హిందీలో చెప్పినాను. మరియొక వాక్యము; మరల చూపు. అట్లు ఓరుగల్లు కోట రాయపూరు పిల్లల ముందు కొంచెము కొంచెముగా లేచినది.

ఒక బాలుడు అడిగినాడు: "అయితే ఆ రాజు మీవాడా, మావాడా?"

నేను తెలుగు చేసినాను. బావగారు క్షణకాలము ఆలోచించినారు. "ఇక్కడికి వచ్చి ఇక్కడ నిలిచినవాడు. ఇద్దరివాడును అని చెప్పు" అన్నారు.

అప్పుడు రెండు జడల పిల్ల యొకతె ముందుకు వచ్చి, తన అమ్మమ్మ ఊరు జగదల్పూరని, అక్కడి దసరా డెబ్బదియైదు దినములని, అక్కడ రావణుని కాల్చరని, రథము లాగే త్రాటిని అమ్మమ్మ కన్నుల కద్దుకొంటుందని చెప్పినది. నేను ఆ మాటలను తెలుగులో పెట్టినప్పుడు బావగారు జేబులోని చిన్న పుస్తకము తీసి వ్రాసికొన్నారు. రావణదహనము లేని దసరా సంగతి ఆయనకు అంతవరకు తెలియదు.

తిరుగు దారిలో చాలసేపు మౌనముగా ఉన్నారు. "సిమెంటు సిమెంటేనోయ్" అన్నారు కడకు. నేను కాదనలేదు. మరికొంత దూరము పోయిన తరువాత, "ఆ పిల్ల చెప్పినది నీవు సరిగా చెప్పినావా?" అన్నారు.

"ఒక్క ముక్క వదలలేదు."

"వదలినా నాకు తెలియదు గదా. నమ్మవలసినదే" అన్నారు. నా పనిని గురించి ఆయన నోట నేను విన్న మొదటి మంచిమాట అది. అంత బరువైన మాటను మరెవ్వరును నాతో అనలేదు.

ఊరికి పోవునప్పుడు అక్కయ్య ఢోక్రా ఏనుగు బొమ్మ నొకదానిని కొన్నది. మట్టి ముద్ద మీద మైనపు దారములతో రూపము చుట్టి, పైన మరల మట్టి పూసి కాల్చుతారు. మైనము కరగిపోతుంది; అది విడిచిన చోటులో కరగిన ఇత్తడి పోస్తారు. బావగారు ఆ వివరము రెండుసార్లు అడిగి తెలిసికొన్నారు.

సంక్రాంతి నాడు అక్కయ్య టెలిఫోను చేసినది. ఎన్నో ఏండ్ల తరువాత కొలువు పెట్టినదట. వెండికాగితముతో చిత్రకోట, దాని ప్రక్కన ఇత్తడి ఏనుగు. "మీ బావగారు ఎవరినీ చూడమని అనుట లేదు. కాని ఎవరైన అడిగిరా, ఓరుగల్లు నుండి మొదలు పెట్టుచున్నారు. శనగలు అయిపోయినా పేరంటాళ్ళు కదలుట లేదు" అని నవ్వినది.

తరువాత బావగారు టెలిఫోను అందుకొన్నారు. నా అనువాదములలో మంచిది ఒకటి పంపమన్నారు. బీరువాలో ఉన్నవని నేను గుర్తు చేయలేదు. "మూలము కూడ పంపు. ప్రక్కన పెట్టుకొని చదువుతాను" అన్నారు.

హిందీ రాని బావగారికి మూలమెందుకని నేనడుగలేదు. రెండును పంపినాను.