సోమవారం రండి

సబ్ రిజిస్ట్రారుగా చేసి రిటైరయ్యాను. పొద్దున్నే పూజ చేసుకోనిదే ఇల్లు కదలను. ఆ నిష్ఠను ఆఫీసులోకీ తీసుకెళ్లి ఒకసారి పెద్ద తప్పు చేశాను.

కొత్తగా ఆ సీట్లోకి వచ్చిన రోజులు. ఒక జంట ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లికి నోటీసు ఇవ్వడానికి వచ్చారు. మతాలు వేరు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, నా మనసే ఒప్పుకోలేదు. కుదరదని చెప్పే అధికారం నాకు లేదు. అందుకని "నివాస ధ్రువపత్రం పాతది, సోమవారం రండి" అన్నాను. సోమవారం ఇంకో వంక. మూడోసారి ఆ అమ్మాయి ఫైలు నా ముందు పెట్టి, "ఏ కాగితం తక్కువైందో రాసివ్వండి సార్, తెచ్చుకుంటాం" అంది. పెన్ను తీశాను. రాయడానికేమీ లేదు.

నోటీసు తీసుకున్నాను. ఆ రాత్రి 1954 నాటి ఆ చట్టం మళ్లీ చదివాను. నాలుగో సెక్షన్ చూడమనేవి నాలుగే: ఎవరికీ బతికున్న భార్యగానీ భర్తగానీ ఉండకూడదు, సమ్మతి తెలపగల మానసిక స్థితి ఉండాలి, అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్లు నిండాలి, నిషిద్ధ బంధుత్వం ఉండకూడదు. మతం ఊసే లేదు. నోటీసు అంటించాక 30 రోజుల్లో ఎవరు అభ్యంతరం చెప్పినా ఈ నాలుగింటి మీదే చెప్పాలి. ఊళ్లోవాళ్లకు లేని హక్కు నాకెక్కడిది? అసలు ఇంట్లోవాళ్లకు చెప్పకుండా వచ్చిన జంటకు ఆ 30 రోజులే గండం. దానికి నేను మరో పన్నెండు రోజులు కలిపాను.

2015లో అమెరికాలోని కెంటకీలో కిమ్ డేవిస్ అనే కౌంటీ క్లర్కు, స్వలింగ జంటల పెళ్లి తన విశ్వాసానికి విరుద్ధమని లైసెన్సులివ్వడం ఆపేసింది. కోర్టు ఆదేశాన్నీ కాదని ఐదు రోజులు జైల్లో ఉంది. ఆమె చేసింది తప్పే. కానీ కారణం పైకి చెప్పింది. కోర్టు దాన్ని తేల్చగలిగింది. నా "సోమవారం రండి"ని ఏ కోర్టు పట్టుకుంటుంది?

గడువు తీరాక ముగ్గురు సాక్షుల ఎదుట ఆ ఇద్దరి పెళ్లి జరిపించి, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాను. తిప్పినందుకు క్షమించమన్నాను.

ఇప్పుడు ఆ సీట్లలో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మనసు ఒప్పుకోకపోతే పై అధికారికి రాసి వేరే సీటు అడగండి. కాగితాలతో వచ్చినవాళ్లను మాత్రం తిప్పకండి.