నీడ ఖరీదు

బీకాం చదివి బ్యాంకులో చేరినవాణ్నని మా బరంపురం తెలుగువాళ్లు వనభోజనాలకు మడత డేరా కొనే పని నాకప్పగించారు. నాలుగు కొటేషన్లలో తక్కువదే ఖాయం చేశాను.

గోపాలపూర్ ఒడ్డున ఒక్క గాలికే డేరా లేచింది. విరిగిన కాలు మా మేనత్త విస్తరి పక్కనే పడింది. జానెడు ఇటు పడి ఉంటే? చూస్తే కీళ్లన్నీ ప్లాస్టిక్కే!

మళ్లీ కొన్నప్పుడు ఉప్పుగాలికి తుప్పు పట్టని అల్యూమినియం కాళ్లు, లోహపు కీళ్లు, మందపాటి గుడ్డ చూసి తీసుకున్నాను. ప్రతి కాలికీ 15 కిలోల ఇసుక సంచి కట్టాం. గాలి పెరిగితే డేరా దించేయాలనీ నిర్ణయించుకున్నాం.

"ఇంత ఖర్చా?" అన్నారు సభ్యులు. మొదటి డేరా డబ్బు నేనే కట్టేశాను.

అత్తయ్య మాత్రం ఆ నీడనే కూర్చుని, "ఈసారి నిమ్మళంగా తిన్నాన్రా అబ్బాయ్" అంది.