అధ్యాయం తలమీద వాక్యం

కొన్ని పుస్తకాల్లో అసలు సంగతి మొదలయ్యే ముందే, అధ్యాయం తలమీద ఒక శాస్త్రవాక్యం అచ్చేస్తారు. గీతలోదో, బైబిల్లోదో, ఖురాన్‌లోదో. దాన్ని చూసి చదివేవాళ్ళు మూడు రకాలుగా నడుచుకుంటారు. కొందరు దాటేసి కిందినుంచి చదువుతారు. కొందరు కళ్ళకద్దుకుని, ఇంక కింద రాసిందంతా నిజమే అనుకుంటారు. కొందరు "ఇది మన దేవుడి మాట కాదే" అని పుస్తకం మూసేస్తారు. కారమడైలో మేము ఆదివారం సాయంత్రం కూడి చదువుకునే చోట, ఈ మూడూ ఒకే పుస్తకం మీద జరిగినాయి.

మాలో అందరూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే, బడిలో నేర్చింది మాత్రం తమిళం. అందుకని ఒకరు చదివి చెప్తే తక్కినవాళ్ళు వింటారు. ఒంటరిగా చదివేవాడు పై వాక్యాన్ని దాటిపోవచ్చు గానీ, వినేవాడికి ఆ వీలు లేదు. చదివేవాళ్ళు మొదలుపెట్టిందే మొదలు.

ఆ పుస్తకం ఇంగ్లీషు రచయిత జాన్ రస్కిన్ రాసిన 'అన్‌టు దిస్ లాస్ట్'. కూలి, ధనం, న్యాయం గురించి నాలుగు వ్యాసాలు. మా అన్న కూతురు కాలేజీ నుంచి తెచ్చి, తెలుగులో చెప్తా వచ్చింది. పుస్తకం మొదట్లోనే రెండు బైబిలు వాక్యాలు ఉన్నాయి. మొదటిది ద్రాక్షతోట యజమాని కథలోది. ఆయన తెల్లవారి కొందరిని, పగలు కొందరిని, పొద్దు వాలినాక ఇంకొందరిని పనికి పిలుస్తాడు. చివరికి అందరికీ ఒకటే కూలి ఇస్తాడు. పొద్దున్నించి పనిచేసినోళ్ళు గొణిగితే, మనం ఒప్పుకున్న కూలి నీకు ఇచ్చినాను కదా అంటాడు. పుస్తకం పేరు కూడా ఆ కథలోని మాటే.

అంతే, వ్యాసం మొదలు కాకముందే రచ్చ మొదలైంది. రింగ్ ఫ్రేమ్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఒక పెదనాయన, "ఎండలో కాగినోడికీ, సాయంత్రం వచ్చినోడికీ ఒకటే కూలా? ఇదేం న్యాయం?" అన్నాడు. కోన్ వైండింగ్ అక్క ఊరుకోలేదు. "వాడు సోమరిగా కూర్చున్నాడా పెదనాయనా? ఎవురూ పిలవలేదని నిలబడినాడు. బదిలీ కింద గేటుకాడ నిలబడిన దినాలు నాకు తెలుసు. పని దొరకని దినం గూడా పిల్లలకు ఆకలవుతుంది" అన్నది. కాంట్రాక్టులో ఉన్న ఒక తమ్ముడు నవ్వి, "ఒప్పుకునే కదా వచ్చినావు అనే మాట మాకు రోజూ వినబడేదే. అది దేవుడి మాటని నాకు తెలీదే" అన్నాడు.

ఇంకొకాయనకు కోపం వచ్చింది. రంగనాథుడి పటం కింద కూర్చుని బైబిలు ఏంటికి అని. దానికి మా చిన్నాయన, "తిరుప్పావై చదివేముందు తనియన్ చెప్తాం. అది ఆండాళ్ పాట కాదు, తరవాతివాళ్ళు చేసింది. పాటలోకి పోయేముందు మనసు నిలబెట్టడానికి చెప్తాం. ఇదీ అట్లాంటిదే అనుకో, వినిపో" అన్నాడు. ఆయన లేచిపోలేదు, వింటానే ఉండినాడు.

ఈ గొడవ మనకు కొత్త కాదు. 1860లో ఈ వ్యాసాలు లండన్‌లో 'కార్న్‌హిల్' పత్రికలో వచ్చినప్పుడు చదివినవాళ్ళకు ఎంత కోపం వచ్చిందంటే, సంపాదకుడు థాకరే నాలుగో వ్యాసంతో ఆపించేసినాడు. 1862లో పుస్తకమైంది. మూడో వ్యాసం మొదట్లో రస్కిన్ ఒక తమాషా చేసినాడు. సొలొమోను సామెతలను ఎత్తి రాసి, అవి బైబిలువని చెప్పకుండా, ఎవరో పాతకాలపు యూదు వర్తకుడు తన లెక్కల పుస్తకాల్లో రాసుకున్న మాటలన్నట్టు చెప్పినాడు. అబద్ధంతో కూడబెట్టిన సొమ్ము నిలవదనీ, పేదవాడు కదా అని వాణ్ణి దోచకూడదనీ వాటి సారం. గుడిలో తల ఊపే మాటనే అంగట్లో చెప్తే కోపం ఎందుకొస్తుంది అని అడిగినట్టుంది నాకు.

1904లో గాంధీకి ఈ పుస్తకాన్ని పోలక్ అనే స్నేహితుడు ఇచ్చినాడు. జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్ పోయే రైల్లో ఆయన చదివినాడు. తరవాత ఫీనిక్స్‌లో ఆశ్రమం పెట్టి, రంగూ దేశమూ చూడకుండా తలకు నెలకు మూడు పౌన్లని పెట్టినాడు. 1908లో గుజరాతీలో దాని సారం రాస్తా, బైబిలు ప్రస్తావనలు మామూలు పాఠకులకు అర్థం కావని వదిలేసినాడు. పుస్తకం పేరును కూడా మార్చి 'సర్వోదయ' అన్నాడు.

గాంధీ చేసింది తన పాఠకుల కోసం సరే. తెలియని వాక్యం వాకిట్లోనే అడ్డం నిలబడితే, లోపలికి వచ్చేవాడు కూడా తిరిగిపోతాడు. అయినా మా కూటంలో ఆ వాక్యం తీసేసి ఉంటే ఆ అక్క నోరు తెరిచేది కాదు. రాగానే మనకు వినబడేది కూలి లెక్క. మతం తెలియకున్నా ఆ లెక్క మనకు తెలుసు.

నాకు తోచింది ఇది. పైన దేవుడి మాట ఉంది కాబట్టి కింద రాసింది నిజమని ఒప్పుకోనక్కర లేదు. వేరే దేవుడి మాట కాబట్టి అబద్ధమనీ కాదు. ఆ మాట కథలో ఎవరు ఎవరితో అన్నారని ముందు అడగాలి. ఒప్పుకున్నావు కదా అని ఆ తోట యజమాని అన్నది, చివర వచ్చినోడికి కూడా దినం గడిచే కూలి ఇచ్చినాక. అదే మాట కూలి తగ్గించడానికి అంటే, పేరు మాత్రం ఒకటే, న్యాయం వేరే. రస్కిన్ దాని కిందే రెండో వాక్యం పెట్టినాడు. అందులో ఒక కాపరికి ముప్పై వెండి నాణేలు తూచి ఇస్తారు. అది మనిషిని తక్కువ కట్టిన వెల. రెండూ పక్కపక్కన చదివితేనే సంగతి తెలుస్తుంది.

అందుకని మీ ఇంట్లో పిల్లలు చదివి చెప్పేటప్పుడు, పైనున్న ఆ చిన్న అక్షరాలను వదలొద్దనండి. అక్కడ ఆపి, "ఇది ఎవురి మాట? ఎవురికి చెప్పింది?" అని అడగండి. వంటింట్లో ఉన్న ఆడవాళ్ళను గూడా పిలిచి అడగండి. కూలి సంగతి వాళ్ళకంటే బాగా ఎవురికి తెలుసు?