నాన్న గడియారం, కొడుకు టేపులు

జిమ్ రీవ్స్ గొంతు మీరు వినే ఉంటారు. పేరు గుర్తుండకపోవచ్చు గానీ, క్రిస్మస్ రోజుల్లో పాత క్యాసెట్ల నుంచి వినబడే ఆ తాపీ అమెరికన్ గొంతు మన దేశంలోనూ చాలా ఇళ్ళకు చుట్టమే. ఆయనతో కలిసి 1959లో ఒక ఏడేళ్ళ కుర్రాడు పాట పాడాడు. అది నాన్నా కొడుకుల పాట. రీవ్స్ 1964లో విమాన ప్రమాదంలో పోయాడు. పాట మాత్రం 1969లో బయటికొచ్చి ఇంగ్లండులో హిట్టయింది.

అంత పెద్ద గాయకుడి పక్కన ఆ పిల్లాడికి చోటెలా దొరికిందంటారా? వాళ్ళ నాన్న బాబ్ మూర్. నాష్‌విల్ స్టూడియోల్లో బాస్ వాయించాలంటే ముందుగా కబురు వెళ్ళేది ఆయనకే. ప్యాట్సీ క్లైన్, రాయ్ ఆర్బిసన్, ఎల్విస్ ప్రెస్లీ, ఇలా ఎవరి రికార్డు తీసినా అడుగున ఆయన వేళ్ళే ఉంటాయి. అక్కడి పద్ధతి ఏమిటంటే, సెషన్ మూడు గంటలు. ఆలోగా మూడు నాలుగు పాటలు పూర్తవ్వాలి. గడియారం చూసుకుంటూ వాయించడం, వాద్యం సర్దుకోవడం, ఇంకో స్టూడియోకి పరుగెత్తడం!

అలాంటి ఇంటి బిడ్డ ఏం చెయ్యాలి? నాన్న వేసిన దారిలో కళ్ళు మూసుకుని నడిచెయ్యాలి. మన సినిమావాళ్ళ పిల్లల్ని చూడట్లేదూ! 1952లో పుట్టిన ఆ కుర్రాడు, ఆర్. స్టీవీ మూర్, మాత్రం స్టూడియోలకు నమస్కారం పెట్టేసి, ఇంట్లో టేపు రికార్డర్లు ముందేసుకుని కూర్చున్నాడు. డ్రమ్స్ తనే, గిటార్ తనే, బాస్ తనే (రక్తం ఎక్కడికి పోతుంది!), పియానో తనే, పాడేదీ తనే. అలా చేసుకున్న పాటల్లోంచి కొన్ని ఏరితే 1976లో ‘ఫోనోగ్రఫీ’ అనే ఎల్పీ అయింది. వాళ్ళ అంకుల్ హ్యారీ పామర్ పూనుకుని అచ్చు వేయించాడు. ఎన్ని కాపీలనుకున్నారు? వంద.

ఒక్క మనిషి నలుగురిలా ఎలా వాయిస్తాడని మీకు సందేహం రావాలి. రాకపోయినా నేను చెబుతాను, నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. రెండు స్పూలు టేపు రికార్డర్లు ఉన్నాయనుకోండి. మొదటిదాని మీద డ్రమ్స్ వాయించి రికార్డు చేస్తారు. ఆ టేపు వెనక్కి తిప్పి మళ్ళీ మోగిస్తూ, దానితో పాటు బాస్ వాయిస్తే, రెండూ కలిసి రెండో రికార్డరులోకి వెళ్తాయి. ఇప్పుడు రెండోది మోగిస్తూ గిటార్ వాయిస్తే మూడూ కలిసి తిరిగి మొదటిదాంట్లో పడతాయి. అలా అటూ ఇటూ పొరలు పేర్చుకుంటూ పోవడమే. చెప్పడానికి తేలికే గానీ ఇందులో ఒక మెలిక ఉంది. ఒకసారి కలిసినవి ఇక విడిపోవు. నాలుగో పొర దగ్గరికొచ్చాక ‘అయ్యో, డ్రమ్స్ కాస్త తగ్గిస్తే బాగుండేది’ అనిపించిందా, ఇక ఏడ్చి లాభం లేదు.

ఇంకొకటి. ఒకరి దగ్గర క్యాసెట్ అడిగి తెచ్చుకుని, దాన్నుంచి మన ఖాళీ క్యాసెట్లోకి, మనదాన్నుంచి బావమరిది క్యాసెట్లోకి ఎక్కించుకున్న కాలం మీకు గుర్తుందా? మూడో చేతికొచ్చేసరికి ఘంటసాల గారికి జలుబు చేసినట్టుండేది, వెనక సుయ్‌మని ఒకటే రొద. స్టీవీ పాటల్లోనూ అంతే, ప్రతి పొరకీ ఆ రొద పెరుగుతుంది, ముందు వాయించినవి మసకబారతాయి, ఆఖరున చేర్చింది మాత్రం తళతళలాడుతుంది. అందుకని ఏది ముందు, ఏది ఆఖరు అన్నదే సగం సంగీతం. తండ్రికి గడియారం చెప్పిన ‘ఇక చాలు’ని కొడుకుకి టేపు చెప్పింది. ఇవాళ ల్యాప్‌టాప్‌లో వంద ట్రాకులు పెట్టుకోవచ్చు, నచ్చకపోతే ఒక్క నొక్కుతో వెనక్కి పోవచ్చు. అన్ని వసతులూ ఉన్న కుర్రాళ్ళ పాటలు ఏళ్ళ తరబడి పూర్తికాకుండా ఎందుకుంటాయో నాకు ఇక్కడే కాస్త అర్థమవుతుంది.

ఇంట్లో ఒంటరిగా ఆల్బమ్ చెయ్యడం ఇతనితోనే మొదలయిందని నేననను. పాల్ మెకార్ట్నీ లండన్‌లో తన ఇంట్లోనే నాలుగు ట్రాకుల యంత్రం పెట్టుకుని, 1970లో వచ్చిన సొంత ఆల్బమ్‌లో చాలా భాగం చేశాడు. మొదటి పాట చివర తలుపు కిర్రుమనడం కూడా అందులో ఉండిపోయింది. కానీ ఆయన ఏం చేసినా కొనడానికి లోకం దుకాణాల ముందు నిలబడి ఉంది. స్టీవీకి వినేవాళ్ళెవరో తెలియదు. మనిషి అలాంటప్పుడు రెండు రకాలుగా తయారవుతాడు. ఒకటి, మానేస్తాడు. రెండు, ఎవరూ వినట్లేదు కదా అని పూర్తిగా బరితెగిస్తాడు. ‘ఫోనోగ్రఫీ’ బరితెగింపు ఆల్బమ్. చక్కగా ఈల వేసుకోదగ్గ బాణీ ఒకటి సాగుతుంది. దాని పక్కనే తన గురించి తనే మాటల్లో ఇచ్చుకునే పరిచయం ఉంటుంది. అమెరికాలో ఇంటింటా తెలిసిన ఆండీ గ్రిఫిత్ టీవీ షో సంగీతాన్ని తీసుకుని తన సొంత పద్ధతిలో వాయించుకుంటాడు. ఏ నిర్మాతా ఒప్పుకోని వరస ఇది. ‘బాబూ, నువ్వసలు ఏ రకం గాయకుడివి?’ అని మొదటి రోజే అడిగేవారు.

అడిగేవాళ్ళు లేకపోవడంలో నష్టం కూడా ఉంది, ఒప్పుకోవాలి. 1978లో న్యూజెర్సీకి మకాం మార్చాక పాటలు చేస్తూనే ఉన్నాడు. క్యాసెట్ క్లబ్ పెట్టి, ఇంట్లోనే కాపీలు చేసి పోస్టులో పంపేవాడు. అలా పోగైన ఆల్బమ్‌లు నాలుగు వందల పైచిలుకు. వాటిలో రత్నాలున్నాయి, రాళ్ళున్నాయి, బోలెడు కంకర ఉంది. ఒక్క పాటకు టేపు ‘చాలు’ అంటుంది గానీ జీవితంలో ఎన్ని ఆల్బమ్‌లు చాలో చెప్పదుగా! అభిమానులకు ఆ వరదే ముద్దు. నాకైతే ఏరి కూర్చిన ఆ మొదటి ఎల్పీయే ముద్దు.

ఫలితం ఆలస్యంగా వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో ఏరియల్ పింక్ అనే కుర్రాడు ఈయన్ని గురువుగా తలకెత్తుకున్నాడు. అతనూ ఇంట్లో క్యాసెట్ యంత్రం మీదే పనిచేసేవాడు, డ్రమ్స్ శబ్దాలు నోటితోనే పలికించేవాడు. అతని పేరు పైకి రాగానే వినేవాళ్ళు గురువుగారిని వెతుక్కుంటూ వచ్చారు. అరవయ్యో ఏడు ముంగిట, 2011లో, స్టీవీ బ్యాండు కట్టుకుని ఊరూరా తిరిగి కచేరీలు చేశాడు.

ఎక్కడ మొదలుపెట్టాలంటారా? ‘గుడ్‌బై పియానో’ అనే పాట వెతకండి. వెనక రొద వినిపిస్తే మీ ఫోను పాడయిందని కంగారుపడకండి. అది నచ్చితే మొత్తం ‘ఫోనోగ్రఫీ’ వినండి. నచ్చకపోతే మాత్రం మిగతా నాలుగు వందల జోలికి పోకండి, నన్ను తిడతారు.