పట్టాలు కలిసిన చోట వెలసిన ఊరు

ఖరగ్‌పూర్ అనగానే బయటివారికి ఐఐటీ గుర్తొస్తుంది. మాకు మాత్రం ముందు రైల్వే వర్క్‌షాపు, తర్వాతే ఏదైనా. ఈ ఊరికి రాజుల కోట లేదు, రేవు లేదు. మిడ్నపూర్ పక్కన ఎర్రమట్టి నేల మీద చిన్న పల్లెగా ఉన్నదాన్ని పట్నం చేసింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. 1899లో కటక్ నుంచి లైను వచ్చింది. 1900లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన పూర్తయి హౌరాకు దారి పడింది. నాగ్‌పూర్ వైపు, మద్రాసు వైపు పోయే పట్టాలు ఇక్కడే విడిపోతాయి కాబట్టి బళ్లు బాగుచేసే చోటు కూడా ఇక్కడే కావాలి. 1904లో వర్క్‌షాపు నడక మొదలైంది.

ఆ కటక్ లైను పట్టుకునే మనవాళ్లు వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి ఒకరి వెనక ఒకరు. ముందు వచ్చిన బావ తర్వాత బామ్మర్దిని పిలిపించుకున్నాడు, ఆయన ఊళ్లోవాళ్లను పిలిపించుకున్నాడు. ఖలాసీగా చేరినవాడి కొడుకు ఫిట్టరయ్యాడు. మథురాకాటి, ఓల్డ్ సెటిల్‌మెంట్ వీధుల్లో ఈనాటికీ ఉత్తరాంధ్ర యాస వినిపిస్తుంది. ఎండాకాలం ముందర మాతా పూజలకు ఆ వీధులు చూసి తీరాలి.

వర్క్‌షాపులో పని ఎలా ఉంటుందో చెప్పాలి, ఊరి బతుకంతా అందులోనే ఉంది కాబట్టి. ఓవర్‌హాలింగ్‌కు వచ్చిన పెట్టెను, చక్రాలుండే బోగీల మీంచి క్రేను పైకి లేపుతుంది. అరిగిన చక్రాన్ని లేతు మీద మళ్లీ సరైన వాటంలోకి తెస్తారు. బ్రేకులు పరీక్షించి, రంగు వేసి పంపిస్తారు. మీరు నిద్రపోతూ ప్రయాణించే పెట్టె కింద ఇంతమంది చేతి పని ఉంది.

ఆ చేతులు హక్కుల కోసం కూడా లేచాయి. 1927లో ఉద్యోగాల కోతకు ఎదురు తిరిగి ఇక్కడి కార్మికులు పెద్ద సమ్మె చేశారు. అప్పట్లో ఈ రైల్వే కార్మికులకు నాయకుడిగా నిలిచిన వి.వి.గిరి బరంపురంలో పుట్టిన తెలుగువారు. 1969లో ఆయన రాష్ట్రపతి అయినప్పుడు ఈ ఊరు తనవాడని చెప్పుకునే హక్కు సంపాదించుకునే ఉంది.

ఈ ఊరు చూడడానికి వస్తే ఒక పూట పక్కనే ఉన్న హిజ్లీకి కేటాయించండి. అక్కడి నిర్బంధ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పులకు సంతోష్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా బలయ్యారు. దేశపు తొలి ఐఐటీ మొదలైంది ఆ భవనంలోనే.

వచ్చేవారికి రెండు మాటలు. మా పొడవైన ప్లాట్‌ఫారం 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాటేదాకా ప్రపంచంలో అదే పెద్దది. పెద్దవాళ్లు వెంట ఉంటే పెట్టె ఎక్కడ ఆగుతుందో ముందే అడగండి. దక్షిణం నుంచి వచ్చే కొన్ని రైళ్లు ఖరగ్‌పూర్ రాకుండా హిజ్లీ మీదుగానే పోతాయి, టికెట్టు మీద స్టేషను పేరు ఒకసారి చూసుకోండి. హిజ్లీలో దిగినా ఫరవాలేదు, ఊరు దగ్గరే.